జామ మొగ్గల కావలి

మొగ్గలు రాలుతున్నాయని మా అమ్మ మొదటిసారి చెప్పిన పొద్దున నేను నల్లా దగ్గర పళ్లు తోముకుంటున్నాను. ఫిబ్రవరి ఆఖరు వారం. ఆమె కొంగులో ఏదో మూట కట్టుకొని వచ్చి గడప మీద కూర్చుంది. ముడి విప్పితే బఠానీ గింజంత పచ్చటి జామ మొగ్గలు, రెండు గుప్పెళ్లుంటాయి. కొన్ని సగానికి కొరికినవి, కొన్ని తొడిమతో సహా తెగిపడినవి.

"చూడు నరేందర్, ఎట్ల జేసినయో. తినేటివి గాదు, చెడగొట్టేటివి. ఒక్క చెట్టు కిందనే గిన్ని ఏరిన."

"ఉడుతలేమో," అన్నాను నోట్లో నురగతోనే.

"ఉడుతలు ఇయ్యాల కొత్తగ పుట్టినయా? ఏడేండ్ల సంది ఉన్నయ్. అవి ఎంత తింటయో నాకెరుకే. గిది ఉడుతల పని గాదు."

మా అమ్మ రుక్కమ్మ మాటకు ఆ విషయంలో తిరుగులేదు. తెల్లాపూర్ పాత ఊళ్లో మా రెండు గదుల ఇంటికి వెనక సుబ్బరాయుడు సార్ ప్లాటు ఉంది. స్థలం ఆయనది, అందులోని పన్నెండు జామచెట్లు మా అమ్మవి. ఎవరూ ఆక్రమించకుండా ప్లాటు చూసుకుంటానని చెప్పి, ఆయన అనుమతితో తనే నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచింది. వానలు పడ్డాక కాయలు కోసి, విల్లాల గేటు దాటిన మలుపులో గంప పెట్టుకొని కూర్చుంటుంది. మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న పిల్లలు కార్లు ఆపుకొని, ఉప్పూకారం చల్లించుకొని మరీ తింటారు. ఆ మూడు నెలలూ ఆమె నడకే వేరు.

ఈసారి మాత్రం పరిస్థితి వేరేగా ఉంది. సార్ కూతురు భార్గవికి ఆ ప్లాటును టీ బండ్లకు, టిఫిన్ బండ్లకు కిరాయికి ఇవ్వాలని ఉంది. సార్ ఎటూ తేల్చలేదు. "ఈ కాపు ఎట్లుంటుందో సూసి చెప్తా" అన్నాడు. అంటే ఆ మొగ్గలు నిలిస్తేనే చెట్లు నిలుస్తాయి. ఈ సంగతి మా అమ్మ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, రోజూ పొద్దున్నే మొగ్గలు ఏరే తీరులో కనపడేది.

నేను ముఖం కడుక్కొని పనికి బయల్దేరాను. "కొల్లూరు దిక్కే గద?" అని అడిగింది. "ఆ" అన్నాను. అది అబద్ధం.

*

నేను జేసీబీ నడుపుతాను. బండి శివశంకర్ అన్నది, పనులు ఒప్పుకొని నన్ను పంపేదీ ఆయనే. దీపావళి తర్వాత మూడు నెలలు పని లేక ఇంట్లో కూర్చున్నాను. ఆ తర్వాత దొరికిన పని, మా ఊరికి పడమట ఉన్న పరికల గడ్డను చదును చేయడం. ఎప్పటినుంచో పడావుగా పడి ఉన్న నేల. రేగుపొదలు, సీతాఫలాలు, తంగేడు, తుమ్మలు, ఒక మూలకు నాలుగు మొండి తాటిచెట్లు. చుట్టూ నీలం రేకులు కట్టేశారు. ఎన్నో అంతస్తుల టవర్లు వస్తాయట.

మా అమ్మ చిన్నప్పుడు మేకలు కాసింది అక్కడే. పని దొరికిన రోజు ఇంటికొచ్చి "ఎక్కడ పని?" అని ఆమె అడిగితే కొల్లూరు అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆమె కోప్పడుతుందని కాదు. ఆ గడ్డ ఆమెది కాదు, మాది కాదు. నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు. ఇవన్నీ నాకు నేను బాగానే చెప్పుకున్నాను, కానీ నోరు తెరిస్తే కొల్లూరు అని వచ్చింది.

*

మార్చి మొదటి వారానికి ప్లాటులో పరిస్థితి చేయిదాటింది. పొద్దున ఆరింటికే రామచిలుకలు గుంపులుగా దిగేవి. వాటి వెనక పిగిలిపిట్టలు. గోడ మీదినుంచి మూడు నెమళ్లు దూకి, అందినంత మేర కొమ్మల్ని మేసి పోయేవి. తెల్లాపూర్‌లో నెమలి రావడం వింత కాదు గానీ, వచ్చి ఉండిపోవడం మేం ఎప్పుడూ చూడలేదు.

మా అమ్మ రేకు డబ్బా, కర్ర పట్టుకొని చెట్ల మధ్య తిరిగేది. ఈ చెట్టు మీద కొడితే ఆ చెట్టు మీదికి, ఆ చెట్టు దగ్గరికి పోతే ఈ చెట్టు మీదికి. "ఏడికెల్లొస్తున్నయ్ గివన్ని? ఊళ్లె ఉన్న పిట్టలన్ని నా మీదనే పడ్డయా?" అని అరిచేది. ఆమెకు తలాతోకా అర్థం కాలేదు. ఏడేళ్లుగా ఆమె, పిట్టలు ఒక లెక్కన సర్దుకొని బతికారు. తినేది తినేవి, మిగిలేది మిగిలేది. ఇప్పుడా లెక్క తప్పింది.

సుబ్బరాయుడు సార్ పొద్దుటి నడకకు వచ్చి ఆగేవాడు. కడప మనిషి, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఒకరోజు సంచిలోంచి ఒక గుడ్లగూబ బొమ్మ తీశాడు.

"ఈపొద్దు దీన్ని కట్టు రుక్కమ్మా. మా భార్గవి ఆన్‌లైన్లో తెప్పించింది. ఎండ తగిలితే తల తిరుగుతాదంట. ఒక్క పిట్ట రాదు సూడు."

మా అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "గుడ్లగూబను పైసలు పెట్టి కొనుక్కొస్తరా సార్ ఎవరన్న? అది ఇంటి మీద వాలితెనే శాంతి జేయిస్తం."

"ప్లాస్టిక్‌ది గదమ్మా."

"ప్లాస్టిక్‌దైనా కండ్లు అవే గద సార్."

అయినా ఆయన మాట కాదనలేక నడిమి చెట్టుకు కట్టింది. రెండు రోజులు నిజంగానే పిట్టలు దూరంగా ఉన్నాయి. మూడో రోజు పొద్దున ఒక చిలుక ఆ గుడ్లగూబ నెత్తి మీద కూర్చొని, కాలితో మొగ్గ పట్టుకొని తాపీగా ఒలుచుకుంటోంది. ఎండకు బొమ్మ తల తిరుగుతుంటే దాంతోపాటే చిలుకా తిరుగుతోంది. నాకు నవ్వొచ్చింది. సార్ కూడా నవ్వాడు. మా అమ్మ నవ్వలేదు. డబ్బా కింద పెట్టి ఆ చిలుకనే చాలాసేపు చూసింది.

"గివి ఆకలితోటి వచ్చినయ్ సార్," అంది. "బెదిరిస్తె పోవు."

ఆ మాటకు నా నవ్వు ఆగిపోయింది.

*

ఎందుకంటే అప్పటికే నాకు తెలుసు. లేదా తెలిసీ తెలియనట్టు ఉన్నాను.

జేసీబీ బకెట్ పొదలోకి దించిన ప్రతిసారీ లోపలినుంచి ఏదో ఒకటి లేచేది. కౌజుపిట్టలు బర్రున ఎగిరేవి. కుందేళ్లు ఎటు పోవాలో తెలియక బండి చుట్టే తిరిగేవి. ఒకసారి ఉడుము ఒకటి బకెట్‌లోనే పైకి వచ్చింది. మొదటి రెండు మూడు రోజులు ఆగి, హారన్ కొట్టి, అవి పోయాక దించేవాణ్ణి. తర్వాత ఆగడం తగ్గింది. ఎప్పుడు తగ్గిందో గమనించలేదు.

ఒక మధ్యాహ్నం బండి నీడలో కూర్చొని అన్నం తింటుంటే, నేను పొద్దున కూల్చిన రేగుపొదల మీదినుంచి చిలుకల గుంపు లేచి తూర్పుకు పోయింది. తూర్పున విల్లాల పచ్చిక, అద్దాల క్లబ్ హౌస్, సగం కట్టిన టవర్లు. వాటి నడుమ తినడానికి ఏదైనా ఉన్నది ఒక్క చోటే. అది మా అమ్మ జామచెట్ల దగ్గర.

ఆ సాయంత్రం నా భార్య ప్రియదర్శినితో చెప్పాను. ఆమె గచ్చిబౌలిలో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో పని చేస్తుంది. ఏదైనా నానబెట్టడం ఆమెకు ఇష్టముండదు.

"అత్తమ్మకు చెప్పేయరాదు?"

"ఏమని చెప్పాలె?"

"ఉన్నది ఉన్నట్టు."

"చెప్తె పిట్టలు వాపసు పోతయా?"

"పోవు. కనీసం ఆమెకు ఎందుకొస్తున్నయో తెలుస్తది. గుడ్లగూబలు కట్టుకుంట, పరేషాన్ అయితున్నది."

"తెలిసి ఏం జేస్తది?"

"గది నాకు గూడ తెల్వదు," అంది ప్రియ.

చెప్పడానికి బదులు నేను వల కొన్నాను. బకెట్ పళ్లు వెల్డింగ్ చేయించడానికి బాలానగర్ పోయినప్పుడు, అపార్ట్‌మెంట్ బాల్కనీలకు పావురాలు రాకుండా కట్టే వల ఒక దుకాణంలో కనిపించింది. పన్నెండు చెట్లకు సరిపడా తెచ్చాను. ఆదివారం పొద్దంతా ముగ్గురం వెదురు గుంజలు పాతి కట్టాం. మా అమ్మ ఎంత సంబరపడిందంటే, సాయంత్రం నాకు ఇష్టమని సర్వపిండి చేసింది.

*

వల కట్టిన రెండో రోజే అందులో ఒక పిగిలిపిట్ట చిక్కుకుంది. రెక్కలోంచి దారం దూరి మెడకు చుట్టుకుంది. మా అమ్మ ఒక చేత్తో దాన్ని పట్టుకొని, ఇంకో చేత్తో కత్తెరతో ఒక్కో పోగూ కోసింది. అది ఆమె బొటనవేలిని రక్తం వచ్చేలా పొడుస్తోంది.

"ఊకో, ఊకో. నీ అసుంటి దొంగను నేనెన్నడు జూడలె," అని తిడుతూనే కోసింది. వదలగానే అది ఎగిరి గోడ మీద కూర్చొని రెక్కలు దులుపుకుంది. మా అమ్మ లోపలికి పోయి మట్టి చిప్పలో నీళ్లు తెచ్చి గోడ మీద, దానికి కొంచెం దూరంలో పెట్టింది. ఆ రోజునుంచి రోజూ పెట్టేది.

"తరిమేది నువ్వే, నీళ్లు పెట్టేది నువ్వే. ఏందమ్మా గిది?" అని అడిగాను.

"దూప వేరేరా. దూపైతె దొంగలకైనా ఇయ్యాలె."

అదే మాట పట్టుకొని నేను అప్పుడే అంతా చెప్పేసి ఉండొచ్చు. చెప్పలేదు.

వలలకు కూడా పూర్తిగా ఆగలేదు. ఉడుతలు కిందినుంచి దూరేవి. చిలుకలు వల మీద వాలి, కన్నాల్లోంచి ముక్కు పెట్టి అందినవి తెంపేవి. అయినా చాలావరకు మొగ్గ నిలిచింది. కొన్ని విచ్చుకొని తెల్లగా పూత కూడా వచ్చింది. కానీ మా అమ్మకు మనసు కుదుటపడలేదు. ఒకరోజు టీ తాగుతూ పడమటికి చెయ్యి చూపించింది.

"పొద్దున వచ్చేటియన్ని గా దిక్కుకెల్లే వస్తున్నయ్. పొద్దుగూకె యాళ్లకు గా దిక్కుకే పోతున్నయ్. నువ్వు గూడ గటే గద పోయేది, నీకేమన్న కనబడ్తదా?"

"ఏం కనబడదమ్మా. నా పని నాది."

"అవ్. నీ పని నీది," అని టీ గ్లాసు కడిగి బోర్లించింది.

*

రెండు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం. బకెట్ నిండా మన్ను ఎత్తి టిప్పర్ వైపు తిప్పుతున్నాను. నీలం రేకుల వరుసలో ఒకచోట రెండు రేకుల మధ్య బెత్తెడు సందు ఉండేది. ఆ సందులో ఒక చీర కనిపించింది. ముదురు ఆకుపచ్చ చీర, నెత్తి మీదికి లాక్కున్న కొంగు.

బండి మోగుతూనే ఉంది. బకెట్ గాల్లోనే ఉంది. టిప్పర్ డ్రైవర్ ఏదో అరుస్తున్నాడు. ముఖం సరిగ్గా కనపడలేదు. ఎండ రేకుల మీద పడి కళ్లు చెదురుతున్నాయి. ఎంతసేపు అలా ఉందో తెలియదు. నేను రుమాలుతో కళ్లు తుడుచుకొని చూసేసరికి సందు ఖాళీగా ఉంది.

అక్కడ పనిచేసే ఆడకూలీలు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా ఆకుపచ్చ చీర ఉండొచ్చు. అలా అనుకొని మన్ను టిప్పర్‌లో పోశాను.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ గోధుమరంగు చీరలో ఉంది. ఆకుపచ్చ చీర ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. అది మధ్యాహ్నం కట్టుకున్నదో, పొద్దున ఉతికినదో నేను అడగలేదు. నాకు అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి, ఎదురుగా కూర్చుంది.

"ఎండ బాగనే ఉన్నదా ఆడ?"

"ఉన్నది."

"నెత్తికి రుమాలు కట్టుకో."

అంతే. ప్రియ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మర్నాడు పొద్దున వెనక గోడ పక్కనున్న మూడు చెట్లకు వలలు లేవు. మడత పెట్టి గోడ మీద ఉన్నాయి. ఆ చెట్ల మీద కొమ్మకు అయిదారు చిలుకలు వాలి ఉన్నాయి. మా అమ్మ మిగతా తొమ్మిదింటి దగ్గర డబ్బా కొడుతోంది. ఆ మూడింటి వైపు తల కూడా తిప్పడం లేదు.

సుబ్బరాయుడు సార్ వచ్చి ఆశ్చర్యపోయాడు. "ఏం రుక్కమ్మా, తొమ్మిదింటికి ఉంచి మూడింటికి వల తీసేసినావే? ఇదేం లెక్క?"

"గాలి తాకాలె సార్ చెట్టుకు."

"వలలోంచి గాలి పోతాది గదమ్మా."

"పోతది సార్. తాకది."

ఆయన నన్ను చూశాడు. నేను భుజాలెగరేశాను. ఆ మధ్యాహ్నం రేకుల సందులోంచి ఆమె నన్ను చూసిందా? చూసి ఉంటే ఎందుకు అడగడం లేదు? చూడకపోతే ఆ మూడు చెట్లు ఎందుకు వదిలేసింది? కాపు బాగా రావాలని ఆమెకంటే ఎక్కువ ఎవరికుంది? పనిలో, ఇంట్లో, బండి మీద పోతూ అదే ఆలోచన. ఒక్కోసారి ఆమె నన్ను చూసిందని గట్టిగా అనిపించేది. మరుక్షణం అంతా నా భ్రమే అనిపించేది.

*

గడ్డ మీద ఇక మిగిలింది ఉత్తరపు అంచు, ఆ నాలుగు మొండి తాటిచెట్లు. తలలు ఎప్పుడో పోయి, నిలువెల్లా ఎండి, కన్నాలు పడి ఉన్నాయి. ఒక్కో కన్నంలోంచి ఒక్కో పచ్చటి తల బయటికొచ్చి చూసేది. లోపలినుంచి పిల్లల అరుపులు వినిపించేవి.

శివశంకర్ అన్న దగ్గరికి పోయాను. "అన్నా, గా తాటిచెట్లను జర ఆఖరుకు కొడదాం."

"ఎందుకు తమ్మీ?"

"లోపల పిల్లలున్నయ్."

ఆయన తలెత్తి చూశాడు. చెడ్డవాడు కాదు. తన సెల్‌ఫోన్‌లో వాటి ఫోటో కూడా తీసుకున్నాడు. "ఎన్ని దినాలు?"

"నెల ఆగితె ఎగిరిపోతయ్."

"నెలా? నెల ఆగితె పైనోళ్లు నన్ను ఉంచుతరా? పది రోజులు గీ పక్క పని జేసుకో. గంతకు మించి నా చేతుల లేదు."

ఆ పది రోజుల్లో ఎనిమిదోది ఆదివారం. నాకు సెలవు. సోమవారం పొద్దున పోయేసరికి ఉత్తరపు అంచు చదునుగా ఉంది. నాలుగు తాటిచెట్లూ పక్కపక్కన పడి ఉన్నాయి. ఆలస్యమవుతోందని కంపెనీవాళ్లు వేరే బండిని పంపారట. శివశంకర్ అన్న కూడా అప్పుడే వచ్చి చూస్తున్నాడు. "నాకు చెప్పనే లేదు తమ్మీ," అన్నాడు.

మోకాళ్ల మీద కూర్చొని కన్నాల్లో చెయ్యి పెట్టి వెతికాను. చనిపోయినవే ఎక్కువ. మూడో మొద్దులో, అడుగున, రెండు కదిలాయి. ఈకలు ఇంకా ముళ్లలాగా ఉన్నాయి, కళ్లు తెరుచుకొని ఉన్నాయి. సైటులో ఇచ్చిన పసుపు హెల్మెట్ నేను ఏనాడూ పెట్టుకోలేదు. అందులో రుమాలు పరిచి వాటిని పెట్టి, బండి తాళం శివశంకర్ అన్న చేతిలో పెట్టి ఇంటికి వచ్చాను.

మా అమ్మ ప్లాటులో, నడిమి చెట్టు కింద కూర్చొని రాలిన మొగ్గలు ఏరుతోంది. హెల్మెట్ ఆమె ముందు పెట్టాను. వంగి చూసింది.

"ఏడ దొరికినయ్?"

"మొండి తాటిచెట్లల్ల."

"ఎవరు కొట్టిండ్రు?"

"నేను గాదమ్మా. నిన్న వేరే బండొచ్చింది."

ఆమె ఒకదాన్ని అరచేతిలోకి తీసుకొని, వేలితో దాని మెడ కింద తడిమింది. "ఒట్టిగున్నది. నిన్నటి సంది ఏం తిన్లేదు," అంది. తర్వాత, దాన్నే చూస్తూ,

"మరి మిగతాదంత?" అంది.

నేను మాట్లాడలేదు. వెనక గోడ పక్క చెట్ల మీద చిలుకలు గోల చేస్తున్నాయి. ఆమె కూడా మళ్లీ అడగలేదు.

"పెసలు నానబెట్టినయ్ ఉన్నయ్ ఇంట్ల, మెత్తగ నూరి పట్కరా," అంది. "పొట్టు తియ్యి. గొంతుల పడ్తది."

నేను పోయి నూరుకొచ్చాను. ఆమె చెప్పినట్టు పిల్ల ముక్కు తెరిచి పట్టుకున్నాను. ఆమె చిటికెన వేలి కొనతో కొంచెం కొంచెం పెట్టింది. "గట్టిగ వట్టకు" అంది. రెండింటికీ కడుపు నిండేసరికి మధ్యాహ్నమైంది.

*

ఒకటి అయిదో రోజు పోయింది. ఇంకొకటి బతికింది. ఏప్రిల్‌లో దానికి ఈకలొచ్చాయి. మే నెలలో వెదురు గుంజల మీదినుంచి చెట్ల మీదికి ఎగరడం నేర్చుకుంది. నేర్చుకున్న మొదటి రోజే వల లోపలికి ఎక్కడినుంచో దూరి, గోలీకాయంత పిందెల్ని నాలుగు తెంపి కింద పడేసింది. మా అమ్మ డబ్బా పట్టుకొని దాన్నీ తరిమింది. "సిగ్గున్నదా నీకు? పెసలు తిన్న నోటితోటి!" అని అరుస్తుంటే ప్రియ పడీపడీ నవ్వింది.

ఒక పొద్దున అది గుంపుతో పాటు పోయింది. అప్పటినుంచి చిలుకలు వచ్చినప్పుడల్లా మా అమ్మ అరిచేది గానీ, అరిచేముందు కొంచెంసేపు ఆగి చూసేది. ఏది మనదో, ఏది పరాయిదో ఆమెకూ తెలియలేదు.

గడ్డ మీది పని ఏప్రిల్ ఆఖరులోనే అయిపోయింది. తాటిచెట్లు కూలిన తర్వాత కూడా నేను రెండు వారాలు అక్కడే పని చేశాను. ఇది కూడా చెప్పాలి. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ "ఎండ బాగనే ఉన్నదా పరికల గడ్డ మీద?" అని అడిగేది. ఉన్నదనేవాణ్ణి. కొల్లూరు మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు. ఆమెకు కోపం ఉందో లేదో నాకు అంతుపట్టలేదు. కోపముంటే తిట్టేది కదా అనుకునేవాణ్ణి. తిట్టకపోవడమే కోపమేమో అని కూడా అనిపించేది. ఒకసారి అడగబోతే, "గంప అల్లించుకరావాలె, పాతది ఇరిగింది" అని మాట మార్చింది.

జూలైలో కాపు వచ్చింది. తొమ్మిది చెట్లకు బాగానే, మిగిలిన మూడింటికి పైకొమ్మల్లో నాలుగైదు కాయలు. సుబ్బరాయుడు సార్ ఒక కాయ కొరికి, గింజలు నములుతూ చెట్లన్నిటినీ చూశాడు. పక్కన భార్గవి నిలబడి ఉంది. "ఈ యేడుకు ఉండనీలేమ్మా," అన్నాడు కూతురితో. "వచ్చే యేటి సంగతి వచ్చే యేడు సూద్దాం." భార్గవి పోతూ పోతూ కిలో కాయలు కట్టించుకుంది.

ఆ వారంలోనే శివశంకర్ అన్న ఫోన్ చేశాడు. శంకర్‌పల్లి రోడ్డులో కొత్త పని ఉంది, బండి ఎక్కుతావా అని.

"ఏమున్నదన్నా ఆడ?"

"ఏమున్నది? ఏం లేదు, ఉత్త ఖాళీ జాగ."

ఇంతకుముందు ఎప్పుడూ నేను ఆ ప్రశ్న అడగలేదు. అడిగాక ఏం చేయాలో తెలియలేదు. "రేపు జూసి చెప్త," అని ఫోన్ పెట్టేశాను.

మా అమ్మ గంపలో కాయలు పేరుస్తోంది. తల ఎత్తకుండానే "నేను గూడ వస్త," అంది.

"నువ్వెందుకమ్మా?"

"ఊకనే. జూస్త."

మర్నాడు పొద్దున మోటర్ సైకిల్ మీద పోయాం. రోడ్డు దిగాక ఒక కంచె, కంచె అవతల పదెకరాలుంటుందేమో. రేగు, తంగేడు, అక్కడక్కడ సీతాఫలాలు, మధ్యలో మొరం నేల. మా అమ్మ చెప్పులు విడిచి ముందు నడిచింది. ప్రతి పొద దగ్గరా వంగి చూస్తోంది. నేను వెనకాలే నడిచాను. ఏం వెతుకుతున్నామో, దొరికితే ఏం చేస్తామో నాకు తెలియదు. ఆమెకు తెలుసని కూడా అనుకోను.

ఒక్కసారిగా తల మీద తీతువు ఒకటి అరుచుకుంటూ తిరగడం మొదలుపెట్టింది.

"నరేందర్, ఆగు. గీడ అడుగెయ్యకు."

ఆమె చూపించేదాకా నాకు కనపడలేదు. మొరం రాళ్ల మధ్య, రాళ్ల రంగులోనే, నాలుగు గుడ్లు. నా కాలికి మూరెడు దూరంలో.

"ఎన్ని దినాలకు పిల్లలైతయమ్మా?"

"నాకేమెరుక? నెల అనుకో."

"నెల ఆగరమ్మా వాళ్లు."

"అడుగు."

"అడిగితె ఏమంటరో..."

"అడుగురా."

ఫోన్ తీసి శివశంకర్ అన్నకు కలిపాను. తీతువు మా ఇద్దరి నెత్తి మీదినుంచి దూసుకుపోయి, తిరిగి వస్తోంది. మా అమ్మ ఆ గుడ్ల పక్కన, ఎండకు అడ్డంగా నిలబడి నా ముఖమే చూస్తోంది.

"ఆ తమ్మీ," అన్నాడు అన్న. "జూసినవా? ఖాళీయే గద?"

"ఖాళీ లేదన్నా," అన్నాను.